ఏడుపు మొదలైతే ఆగదేమోనన్న భయం: విశాఖ మిత్రుల సలహా కావాలి

ఉప్పుగాలి
జూన్ 18, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇంటి అద్దెల గురించి, నీళ్ల ట్యాంకర్ల గురించి ఈ వేదికలో రాసినవాడినే గాని ఇటువంటి విషయం రాయడం ఇదే మొదలు కనుక, చెప్పడంలో తికమక ఉంటే మన్నించండి.

మా నాన్నగారు గత నవంబరులో గుండెపోటుతో పోయారు. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఆ పదకొండు రోజులూ షామియానా, వంటవాళ్లు, పురోహితుడు, ఊరి నుంచి వచ్చిన బంధువులకు పడకలు, అన్నీ నేనే దగ్గరుండి చూసుకున్నాను, ఒక్క కన్నీటి చుక్క రాలేదు. పరామర్శకు వచ్చినవారందరూ నాది గుండె ధైర్యమని మెచ్చుకుని వెళ్లారు. నేనూ అలాగే అనుకున్నాను.

మార్చిలో ఒక ఆదివారం తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరుకు వెళ్లాను. నాన్న ఏళ్ల తరబడి ఒకే ఆవిడ దగ్గర చేపలు కొనేవారు. ఆవిడ నన్ను చూసి, గంప మీది తడిగోనె తొలగిస్తూ, "పెద్దాయన రాలేదేటి బాబూ?" అని అడిగింది. "ఊరెళ్లారు" అన్నాను. ఆ అబద్ధం నా నోట ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆవిడ నెత్తళ్లు తూచి సంచిలో పోస్తూ, "ఒచ్చాక ఓపాలి రమ్మను, వంజరం దాసి ఉంచుతాను" అంది.

ఆ తర్వాత మళ్లీ అటు వెళ్లలేదు. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలై మరబోట్లు ఒడ్డున కట్టేయగానే నాకు ప్రాణం లేచి వచ్చింది, ఎందుకంటే 61 రోజుల పాటు హార్బరుకు వెళ్లకపోవడానికి న్యాయమైన కారణం దొరికింది. జూన్ 14తో ఆ గడువు అయిపోయింది. ఇంట్లో చేపలు తెమ్మంటున్నారు, నేను నాలుగు రోజులుగా ఏదో ఒక వంక చెబుతున్నాను.

మెట్ల కింద నాన్న బజాజ్ చేతక్ ఉంది. అది కంటపడకుండా ఉండాలని ఏడు నెలలుగా వెనక గుమ్మం నుంచే రాకపోకలు సాగిస్తున్నాను. మొన్న మా అమ్మాయి, "నాన్నా, తాతయ్యంటే నీకు ఇష్టం లేదా?" అని అడిగింది.

నాకు కలుగుతున్నది ఏమిటో నాకే తెలియడం లేదు. అందరూ దుఃఖమంటారు గాని నాకది దుఃఖంలా తోచదు, ఛాతీలో ఏదో బిగుసుకుంటుంది, అంతే. దాని జోలికి పోతే, ఒకసారి మొదలైతే, ఇక ఆగదేమోనని భయం. ఇలా ఎవరికైనా జరిగిందా?

సూటిమాట
జూన్ 18, రాత్రి 11:25

మీ నాన్నగారి ఆత్మకు శాంతి కలగాలి. అయితే నేను కటువుగానే చెబుతాను. మా అమ్మ పోయిన మూడో రోజునే నేను షిఫ్టుకు వెళ్లాను. ఎవరి దగ్గరా కూర్చుని నా మనసు ఇలా ఉంది, అలా ఉంది అని చెప్పుకోలేదు. పని చేస్తూ పోతే కాలమే మాన్పుతుంది. మానిన పుండును గోకి చూడటం తెలివైన పని అని నేను అనుకోను. ఏడుపు రాకపోతే రాలేదు, అదేమీ జబ్బు కాదు.

వాల్తేరు మాస్టారు
జూన్ 19, ఉదయం 6:10

ఉప్పుగాలి గారూ, నేను 31 ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైనవాడిని, వైద్యుడిని కాను. మీ ఉత్తరం చదవగానే నాకు నటన గురించి భరతముని రాసిన పాత సంస్కృత గ్రంథం నాట్యశాస్త్రం గుర్తుకు వచ్చింది. అందులో మనసులో నిలిచి ఉండే స్థాయీభావాలు 8, చెమట, వణుకు లాగా ఒంట్లో బయటపడే సాత్త్వికభావాలు 8, వచ్చిపోతుండే వ్యభిచారీభావాలు 33, వెరసి 49 భావాల లెక్క ఉంది. ఆ 33లో అవహిత్థ అని ఒకటి. కలిగిన భావాన్ని బయటికి కనపడకుండా దాచుకోవడమే అవహిత్థ. నాకు మొదటినుంచీ ఆశ్చర్యం కలిగించే సంగతి ఏమిటంటే, దాచుకోవడాన్ని ఆయన భావం లేకపోవడంగా చూడలేదు, అదీ ఒక భావమేనని పేరు పెట్టి పట్టికలో చేర్చాడు. సిగ్గు, భయం, ఓటమి, పెద్దరికం వంటివి దానికి కారణాలన్నాడు. నటుడు దాన్ని ఎలా చూపాలో చెబుతూ, అడిగినదానికి మరొకటి చెప్పడం, మాట మధ్యలో తుంచేయడం, కృతకధైర్యం, అంటే తెచ్చిపెట్టుకున్న ధైర్యం, అంటూ వరసగా చెప్పుకొచ్చాడు.

చేపలావిడతో మీరు "ఊరెళ్లారు" అన్నది అందులో మొదటిది. పదకొండు రోజులు అందరూ మెచ్చుకున్నది చివరిది. తప్పు పడుతున్నానని అనుకోవద్దు. రెండు వేల ఏళ్ల కిందటి వాడికే తెలిసిన సంగతి కనుక మీలో ఏదో లోపం ఉందని బెంబేలు పడనక్కర లేదని చెప్పడమే నా ఉద్దేశం.

ఇక ఏమి కలుగుతోందో తెలియడం లేదన్నారు. తెలుగులో బాధ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవడం మనకు ఈమధ్య అలవాటైంది గాని, మన ఇళ్లలోని ఆడవాళ్లు ఎన్ని మాటలు వాడేవారో జ్ఞాపకం చేసుకోండి. మనిషి కనబడక కలిగేది బెంగ. ఫలానా కారణమని చెప్పలేకుండా సాయంత్రం పూట కమ్ముకునేది దిగులు. రాబోయేదాన్ని తలుచుకుంటే గుబులు. ఉండవలసినది లేని చోట వెలితి. తిరిగి ఏమీ అనలేని స్థితిలో, కళ్ల నీళ్లతో కలిసి వచ్చే కోపం ఉక్రోషం. వీటిలో మీది ఏది? ఇప్పుడే చెప్పనక్కర లేదు, ఒక్కొక్క మాటనూ ఛాతీలోని ఆ బిగింపు పక్కన పెట్టి చూడండి.

మర్రినీడ
జూన్ 19, మధ్యాహ్నం 1:05

నేను నగరంలో కౌన్సెలింగ్ వృత్తిలో ఉన్నాను. ఇక్కడ రాసేది సాధారణ సమాచారమే తప్ప చికిత్స కాదు.

ముందుగా సూటిమాట గారితో నేను సగం ఏకీభవిస్తాను. అయినవారు పోయినప్పుడు బోరున ఏడవనివారంతా లోపల ఏదో తొక్కిపెట్టుకున్నారని ఒకప్పుడు నమ్మేవారు. జార్జ్ బొనానో అనే మనస్తత్వవేత్త చేసిన పరిశోధనల తర్వాత ఆ నమ్మకం సడలింది. పెద్ద నష్టం తర్వాత కూడా చాలామంది తీవ్రమైన క్రుంగుబాటు లేకుండానే నిలదొక్కుకుంటారని, అది నటన కాదని ఆయన చూపారు. కాబట్టి కన్నీళ్లు రాకపోవడం దానంతటదే సమస్య కాదు. నాకు ఆలోచించవలసినవిగా కనిపించినవి వెనక గుమ్మం, వేట నిషేధం. ఏడవకపోవడం వేరు, ఏడవవలసి వస్తుందేమోనని బతుకుదారి మార్చుకోవడం వేరు.

తప్పించుకున్న ప్రతిసారీ ఊరట కలుగుతుంది. ఆ ఊరటే, ఆ దారిలో నిజంగానే ఏదో ప్రమాదం ఉండబట్టి తప్పించుకున్నామని మనసుకు నేర్పుతుంది. అందుకే మొదట హార్బరు ఒక్కటే కష్టమైన మనిషికి కొన్నాళ్లకు చేపల కూర కూడా కష్టమవుతుంది.

తలచుకోకూడదని పట్టుబట్టడం గురించి 1987లో డేనియల్ వెగ్నర్, ఆయన సహచరులు ఒక ప్రయోగం ప్రచురించారు. అయిదు నిమిషాల పాటు తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని, తలపుకు వస్తే గంట కొట్టమని విద్యార్థులకు చెప్పారు. గంటలు మోగుతూనే ఉన్నాయి. తర్వాత ఇక తలచుకోవచ్చు అన్నప్పుడు, మొదటినుంచీ అనుమతి ఉన్నవారికంటే వీరికే ఆ తలపు ఎక్కువగా వచ్చింది. 1993లో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ జుగుప్స కలిగించే చిన్న చిత్రాలు చూపించి, కొందరిని ముఖంలో ఏమీ కనపడనీయవద్దని కోరారు. ముఖాలు నిలకడగానే ఉన్నాయి గాని, చర్మపు చెమట వంటి కొలతల్లో శరీరం మరింత ఉద్రేకపడింది, లోపలి జుగుప్స మాత్రం తగ్గలేదు. మీ ఛాతీ బిగింపు ఈ కోవలోదేనని నేను ఇక్కడినుంచి చెప్పలేను. ఛాతీ కనుక, మీ నాన్నగారికి గుండెజబ్బు ఉంది కనుక, ముందు ఒక వైద్యునికి చూపించుకుని ఇ.సి.జి. తీయించుకోండి.

మాస్టారు చెప్పిన పేరు పెట్టే పని ఉత్త భాషాభిమానం కాదు. మనుషుల ముఖచిత్రాలు చూపి, ఆ ముఖంలోని భావానికి సరిపోయే మాటను ఎంచమన్నప్పుడు మెదడులో భయం వంటి భావాలకు స్పందించే అమిగ్డాలా అనే భాగపు స్పందన తగ్గిందని మాథ్యూ లీబర్మన్ బృందం 2007లో వెల్లడించింది.

ఉప్పుగాలి
జూన్ 19, రాత్రి 9:50

మర్రినీడ గారూ, ఇ.సి.జి. తీయించాను, బాగానే ఉందన్నారు. నాన్న సంగతి జరిగాక మా ఆవిడ ఊరుకోలేదు.

సూటిమాట గారూ, నిజం చెప్పాలంటే నేను కూడా మీ పద్ధతిలోనే నడిచాను. ఈ వేసవిలో ఆఫీసులో సెలవు పెట్టనివాడిని నేనొక్కడినే. పని మీద దృష్టి నిలవక, ఒకే ఓచరును మూడుసార్లు చూస్తున్నానని గమనించాకే ఇక్కడ రాశాను.

కంచరపాలెం కోడలు
జూన్ 20, ఉదయం 11:30

నాది చావు సంగతి కాదు, గాలి సంగతి. అయినా చెబుతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేము మూడో అంతస్తులో ఉండేవాళ్లం. కిటికీ రెక్క ఊడి లోపలికి వచ్చి పడింది. నేను, మా అత్తగారు, రెండేళ్ల పిల్లవాడు బాత్రూములో గొళ్లెం పెట్టుకుని కూర్చున్నాం. గాలి ఊళ వేస్తుంటే అత్తగారు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, గాజు పగిలి ఇద్దరికీ గుచ్చుకున్నా మధ్యలో గాలి సద్దుమణిగేదాకా ఎవరం చూసుకోలేదు. తర్వాత కరెంటు లేక, నీళ్లు లేక, అందరిలాగే మేమూ గడిపాం. కైలాసగిరి చెట్లకు మళ్లీ ఆకులు వచ్చాయి. నేను మాత్రం ఆ గదిలో పడుకోవడం మానేశాను. తర్వాత గాలివాన వస్తే కిటికీలన్నీ మూసి టీవీ పెద్దగా పెట్టడం, ఆ తర్వాత వాతావరణ వార్తలు వస్తే లేచి వెళ్లిపోవడం, ఇలా సాగింది. మర్రినీడ గారు చేపల కూర గురించి రాసినది చదివి నాకు నవ్వు వచ్చింది, ఎందుకంటే చివరికి నేను సీలింగ్ ఫ్యాను అయిదు మీద పెట్టనిచ్చేదాన్ని కాదు. విశాఖ ఉక్కలో ఇంట్లోవాళ్లు ఎన్నాళ్లు భరిస్తారు?

ఒకావిడ సలహాతో మొదట ఫ్యాను నుంచి మొదలుపెట్టాను. అయిదు మీద పెట్టి కుర్చీలో కూర్చోవడం, లేచిపోకుండా భయం తనంత తాను దిగేదాకా చూడటం. మొదటి రోజు చెమటలు పట్టి, చేతులు వణికాయి. పెరుగుతూ పెరుగుతూ ఒక చోటికి వెళ్లి ఆగింది, ఆ తర్వాత మెల్లగా దిగింది. అది దిగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు, ఎందుకంటే అది దిగేదాకా నేను ఎన్నడూ అక్కడ ఉండలేదు. మీరు కూడా ఆగదేమో అంటున్నారు. మీరెప్పుడైనా ఆగేదాకా ఉన్నారా అని అడగాలనిపించింది.

చివరి బస్సు
జూన్ 20, రాత్రి 11:55

పెద్దల మధ్యలో మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నాకు 26 ఏళ్లు. నాకు ఎవరూ పోలేదు. నన్ను ఎవరైనా వదిలేస్తారని అనిపించిన మరుక్షణం నేనే ముందుగా వదిలేస్తాను. రెండు సంబంధాలు అలాగే చెడగొట్టుకున్నాను. రెండోసారి అబ్బాయి రుషికొండ దగ్గర గంటసేపు నిలబడి కారణం అడిగాడు, నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. అతడు ఆ వారంలో రెండుసార్లు ఫోను ఎత్తలేదు, అంతే కారణం. ఇది ఈ చర్చకు చెందుతుందో లేదో తెలియదు.

మర్రినీడ
జూన్ 21, మధ్యాహ్నం 12:40

చెందుతుందమ్మా. 2003లో నవోమీ ఐసెన్‌బర్గర్ తదితరులు ఒక ప్రయోగంలో, కంప్యూటరు తెర మీద ముగ్గురు బంతి విసురుకునే ఆట పెట్టి, కాసేపటికి మనిషికి బంతి రాకుండా చేశారు. మిగిలిన ఇద్దరూ నిజానికి కంప్యూటరు నడిపే బొమ్మలే. అయినా, శరీరపు నొప్పి బాధించేటప్పుడు పనిచేసే మెదడు భాగాల్లో ఒకటి అప్పుడు కూడా చురుకుగా కనిపించింది. ముక్కూమొహం తెలియనివారు బంతి విసరకపోతేనే ఇంత ఉంటే, ఇష్టపడిన మనిషి ఫోను ఎత్తకపోవడం నొప్పించదా? నొప్పి కలగడం మీ బలహీనత కాదు. అయితే ఆ నొప్పికి, మీరు తీసుకునే నిర్ణయానికి మధ్య మీరు ఏమాత్రం వ్యవధి ఇవ్వడం లేదు. ఈసారి అనిపించినప్పుడు, తెంచేసే సందేశం పంపే ముందు ఒక్క రాత్రి ఆగి, ఆ అబ్బాయికి "నువ్వు ఫోను ఎత్తకపోతే నాకు గుబులుగా ఉంది" అని మాత్రం చెప్పి చూడండి.

ఉప్పుగాలి గారికి ఒక చిన్న పని చెబుతాను. జేమ్స్ పెన్నెబేకర్ 1986లో విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున, తమ జీవితంలో బాగా కలచివేసిన సంఘటన గురించి రాయించారు. మీరు రాస్తే ఆ రాతను ఎవరికీ చూపనక్కర లేదు, అక్షరదోషాలు దిద్దనక్కర లేదు. రాసిన వెంటనే ఆ విద్యార్థుల మనసు తేలికపడలేదు, ఇంకా బరువెక్కింది. ఆ తర్వాతి నెలల్లో మాత్రం వారు జబ్బుచేసి ఆరోగ్యకేంద్రానికి వెళ్లడం తగ్గింది. ఈ పద్ధతి అందరికీ ఒకే మేలు చేయదు. రాస్తుంటే తట్టుకోలేనట్లు అనిపిస్తే కాగితం మడిచి పక్కన పెట్టండి.

నిర్వాహకులు
జూన్ 21, సాయంత్రం 4:15

చర్చ మర్యాదగా సాగుతున్నందుకు ధన్యవాదాలు. ఇది చదివేవారిలో ఎవరికైనా బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే, ఇక్కడ జవాబుల కోసం ఎదురుచూడకుండా 14416కు ఫోను చేయండి. ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ ఉచిత సేవ, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. వాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఆ పేరు చెప్పి చిన్నపిల్లలను బెదిరించే అలవాటు ఈ ఊళ్లో మనలో చాలామందికి తెలిసినదే, ఆ అలవాటు వల్లనే అవసరమైనవారు కూడా ఆ గేటు దాటడానికి జంకుతున్నారు.

సూటిమాట
జూన్ 21, రాత్రి 10:20

నేను ఇంకా ఒప్పుకోను. మన పెద్దలకు ఈ ప్రయోగాలేవీ తెలియవు, వాళ్లు బతకలేదా?

వాల్తేరు మాస్టారు
జూన్ 22, ఉదయం 5:55

బతికారు. అయితే వాళ్లకు పదకొండు రోజుల పాటు పనులన్నీ ఇరుగుపొరుగు చేసిపెట్టేవారు, పోయినవారి ఇంటివారిని ఏడవనిచ్చేవారు. పరామర్శకు వచ్చినావిడ గుమ్మంలోనే గొంతెత్తి, పోయినవారి గుణగణాలు ఏకరువు పెట్టి, ఇంటి ఇల్లాలిని కావలించుకుని ఏడిపించేది. మా చిన్నతనంలో మాకది నాటకంలా తోచేది. తర్వాత మాసికాలు, ఆపైన సంవత్సరీకం, అంటే ఏడాది పొడుగునా నెలనెలా ఆ మనిషి పేరు ఎత్తక తప్పేది కాదు. ఉప్పుగాలి గారి విషయంలో ఆ పదకొండు రోజులూ వంటవాళ్లకు అడ్వాన్సులు ఇవ్వడంతో గడిచాయి. పద్ధతి మిగిలింది, దాని పని మాత్రం జరగలేదు.

ఉప్పుగాలి
జూన్ 29, రాత్రి 9:15

పది రోజులు మౌనంగా ఉన్నందుకు క్షమించండి. జరిగింది జరిగినట్లు రాస్తాను.

నాలుగు రోజులు రాశాను. మొదటి రెండు రోజులూ నాన్న గురించి సంతాపసభలో చదివే కాగితంలా వచ్చింది, పోర్టు, క్రేను, నిజాయితీ, ఇవే. మూడో రోజు ఒక వాక్యం దగ్గర కలం ఆగింది. "ఆదివారం నుంచి నొప్పి వస్తున్నా మాకు చెప్పలేదు" అని రాశాను. నాన్నకు ఛాతీ నొప్పి మూడు రోజుల ముందు నుంచే ఉంది. గ్యాసనుకుని వాము నమిలారు. నేను మంగళవారం రాత్రి ఆయన పక్కనే కూర్చుని క్రికెట్ చూశాను. ఆయన రెండుసార్లు ఛాతీ రుద్దుకోవడం చూశాను. "ఏమైంది?" అన్నాను. "ఏం లేదురా, ఓవరు చూడు" అన్నారు. నేను ఓవరు చూశాను.

మాస్టారూ, మీరిచ్చిన మాటల్లో నాది ఉక్రోషం. ఇన్నాళ్లూ నాకు దుఃఖమంటే భయమని అనుకున్నాను. నిజానికి నేను భయపడింది పోయిన తండ్రి మీద కోపం ఉందని నాకే తెలిసిపోతుందని. చెప్పి ఉంటే బతికేవారేమోనని ఆయన మీద, మళ్లీ అడగనందుకు నా మీద. ఆ కాగితం ముందు చాలాసేపు ఏడ్చాను. ఆగింది. మా ఆవిడ అన్నానికి పిలిచింది, వెళ్లి తిన్నాను.

ఈ ఉదయం హార్బరుకు వెళ్లాను. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని ఎవరికో చేప కోస్తోంది. ముందుగా మార్చిలో అబద్ధం చెప్పానని, తర్వాత అసలు సంగతి చెప్పాను. ఆవిడ కోయడం ఆపలేదు. మొప్పలు తీసి పక్కన పడేసి, చేతులు బకెట్టులో కడుక్కుని, అప్పుడు తలెత్తి, "నాకు తెలుసు బాబూ. ఊరెళ్లినోడి కొడుకు అలా మొహం దాచుకోడు" అంది. తర్వాత నాన్న గురించి నాకు తెలియని సంగతి చెప్పింది. బేరం ఆడకుండా నాన్న ఏనాడూ కొనలేదట, బేరంలో తగ్గించిన డబ్బులు వెళ్లేటప్పుడు ఆవిడ మనవరాలి చేతిలో పెట్టేవారట. నాకు నవ్వు వచ్చింది, దాంతోపాటే కళ్లు తడిశాయి, జనం మధ్యలోనే. ఎవరూ పట్టించుకోలేదు. పక్కన వేలంపాట జరుగుతోంది.

కోపం పోలేదు. రాత్రి మళ్లీ వచ్చింది.

మర్రినీడ
జూన్ 29, రాత్రి 10:30

పోవాలని తొందర పెట్టవద్దు. మళ్లీ అడగనందుకు మీ మీద మీకున్న కోపం గురించి మాత్రం ఎదురుగా కూర్చుని ఒక మనిషితో మాట్లాడటం మంచిదని నా అభిప్రాయం, కాగితం దానికి జవాబు చెప్పలేదు. ఎడతెగని శోకాన్ని రుగ్మతగా గుర్తించడానికి పెద్దవారి విషయంలో అమెరికా వారి ప్రమాణం 12 నెలలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం 6 నెలలు. గడువు ఒక్కటే చూడరు, రోజువారీ బతుకు ఎంత స్తంభించిందో కూడా చూస్తారు. మీరు ఆ గీతకు ఇవతలే ఉన్నట్లు నాకు తోస్తోంది, అయినా ఒకసారి కలిసి మాట్లాడటానికి రుగ్మతే ఉండనక్కర లేదు.

చివరి బస్సు
జూన్ 30, ఉదయం 8:05

నేను సందేశం పంపాను. ఇంకా జవాబు రాలేదు. గుబులుగానే ఉంది, అయితే ఇంకేమీ పంపలేదు.

సూటిమాట
జూన్ 30, రాత్రి 9:40

ఉప్పుగాలి గారూ, మీ మంగళవారం సంగతి రెండుసార్లు చదివాను. మా అమ్మ కూడా నాకు చెప్పలేదు. అంతకంటే ఇక్కడ రాయలేను.

ఒక పనికొచ్చే మాట చెబుతాను. ఏడు నెలలు కదపని చేతక్‌లో పెట్రోలు కార్బురేటరులో జిగురులా గట్టిపడి ఉంటుంది. దాన్ని విప్పి శుభ్రం చేయించకుండా కిక్కు కొట్టకండి, మోకాలు పోతుంది. టైర్లలో గాలి దిగి ఉంటే స్టాండు మీదనే ఉంచండి. గాజువాకలో నాకు తెలిసిన పాత మెకానిక్ ఒకడున్నాడు, కావాలంటే ఆదివారం నేనే తీసుకువస్తాను.

ఉప్పుగాలి
జూన్ 30, రాత్రి 10:55

తప్పక తీసుకురండి, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.

మీ మాట చదివి ఇప్పుడే ముందు గుమ్మం నుంచి మెట్ల కిందికి వెళ్లి వచ్చాను. సీటు మీద దుమ్ములో పిల్లి పాదాల గుర్తులున్నాయి. ముందున్న డిక్కీలో నాన్న చేపల సంచి నాలుగు మడతలు పెట్టి ఉంది. చలికాలం పొద్దున స్టార్ట్ కాకపోతే, చోకు లాగి, బండిని ఒక పక్కకు వంచి, పది అంకెలు లెక్కపెట్టి, అప్పుడు కిక్కు కొట్టేవారు. కిక్కు జోలికి పోలేదు గాని, హ్యాండిల్ పట్టుకుని బండిని పక్కకు వంచి చూశాను. నేను అనుకున్నదానికంటే బరువుగా ఉంది. పది దాకా లెక్కపెట్టి మళ్లీ స్టాండు వేసి వచ్చాను.